జ్వరం వచ్చిన నెల జీతం



ఈ ఉపన్యాసం పెట్టించిన ధర్మనిధి ఎవరి జ్ఞాపకార్థం ఏర్పడిందో ఆ పెద్దాయన మలక్‌పేట గంజ్‌లో ఒక అడ్తీ దుకాణంలో పద్దులు రాసేవారు. పగలు ఉల్లిగడ్డ సంచుల లెక్క, సాయంత్రం హమాలీల అర్జీలు. అర్జీ రాసినందుకు ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదని ఇక్కడున్న చాలామందికి తెలుసు. తన గురించి పొగడ్తలు వద్దనీ, పనికొచ్చే ముచ్చట చెప్పించమనీ ఆయనే ఇంట్లో చెప్పి పోయారట. ఆ మాట ప్రకారం, ఆయన ఎక్కువగా రాసిన అర్జీల గురించే మాట్లాడతాను. ఒంట్లో బాగాలేక నాలుగు రోజులు పనికి రాకపోతే యజమాని నెల జీతం మొత్తం పట్టుకుని కూర్చోవడం, లేదా పట్టుకుంటానని బెదిరించడం. మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఉన్న బట్టల షాపుల్లో, మెడికల్ హాళ్ళలో, ప్రైవేటు బడుల్లో, నర్సింగ్ హోముల్లో, హోటళ్ళలో ఈ మాట వినని మనిషి అరుదు.

ఈ బెదిరింపులో రెండు వేరువేరు లెక్కలను కావాలని కలిపేస్తారు. పనికి రాని రోజుల జీతం ఇవ్వాలా వద్దా అన్నది ఒక లెక్క. దాని మీద వాదన ఉండొచ్చు, సెలవు ఉందా లేదా అని చూడొచ్చు. పనిచేసిన రోజుల జీతం రెండో లెక్క. అది యజమాని మన దగ్గర చేసిన బాకీ. మన చెమట ముందే ఆయన గల్లాపెట్టెలోకి చేరింది, డబ్బు మాత్రం ఇంకా మన చేతికి రాలేదు. మొదటి లెక్కలో గొడవ ఉంది కాబట్టి రెండో లెక్క కూడా ఆపేస్తానంటే ఈ దేశంలో ఏ చట్టమూ ఒప్పుకోలేదు, ఇంగ్లీషువాళ్ళ కాలం నుంచీ ఒప్పుకోలేదు. ఈ రాత్రి నేను చెప్పదలచుకున్నది అంతా ఈ రెండు లెక్కలను విడదీసి పట్టుకోవడం గురించే.

ఈ మధ్య మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. బట్టల షాపులో చీరల సెక్షన్. నెలకు 13,500 జీతం, కవర్లో పెట్టి ఇస్తారు, రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుంటారు, చేతికి చిట్టీ ఏదీ ఇవ్వరు. వానాకాలంలో డెంగీ వచ్చింది. ఆరు రోజులు లేవలేదు. మొదటి రోజు పొద్దున్నే ఫ్లోర్ ఇన్‌చార్జికి వాట్సాప్‌లో పెట్టింది: ‘సార్ బాగ జరం ఉంది, దవాఖానకు పోతున్న, ఈరోజు రాలేను.’ రెండు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు. మూడో రోజు రక్తపరీక్ష రిపోర్టు ఫోటో పెట్టింది. దానికీ జవాబు లేదు. పనిలోకి వెళ్ళిన రోజు సాయంత్రం గ్రూపులో అందరూ చూసేలా మెసేజి వచ్చింది: ‘పండగ సీజన్‌లో ఆరు రోజులు నాగా. సాలరీ హోల్డ్. సేట్ చెప్పిండు.’

ఆ అమ్మాయికి వచ్చిన అనుమానం నాకు బాగా గుర్తుండిపోయింది. ‘సార్, ఆరు రోజులు పోలేదు కదా, తప్పు నాదే కదా’ అంది. జ్వరం తన తప్పని ఆమెతో ఎవరూ వాదించి ఒప్పించలేదు. పని దొరికిన రోజు నుంచి ఆ షాపులో ప్రతి గోడా ఆ మాటే చెబుతోంది. ప్లేట్‌లెట్లు పడిపోయి మంచం మీద ఉన్న మనిషి నేరం చేసినట్టు ముఖం దించుకోవాల్సి రావడం, ఆపిన డబ్బు కంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

కాగితం మీద లెక్క వేశాం. 13,500ని ముప్పై రోజులకు పంచితే రోజుకు 450. ఆరు రోజులకు 2,700. యజమాని ఎంత కఠినంగా లెక్క వేసినా కోయగలిగింది అంతే. 10,800 ఇచ్చి తీరాలి. ఇక రెండో సంగతి ఆమెకు తెలియదు, ఆమెతో పనిచేసే వాళ్ళలో ఎవరికీ తెలియదు. మన దుకాణాలు, సంస్థల చట్టం, అంటే 1988లో వచ్చి ఇప్పుడు తెలంగాణ పేరుతో నడుస్తున్న చట్టం, 30వ సెక్షన్‌లో అనారోగ్యానికో ప్రమాదానికో ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. చేరిన మొదటి ఏడాది నుంచే. అది కాక 12 రోజుల క్యాజువల్ లీవు వేరే ఉంది. 240 రోజులు పనిచేసినవాళ్ళకు తర్వాతి ఏడాదిలో 15 రోజుల సెలవు ఇంకా వేరు, వాడకపోతే అది 60 రోజుల వరకు పోగవుతుంది. జబ్బుతో ఉన్న మనిషిని ఆ సమయంలో పనిలోంచి తీసేస్తే, రావలసిన ఆ సెలవు రోజుల జీతం కూడా కట్టి పంపాలని అదే సెక్షన్ చెబుతోంది. అంటే ఆమెకు 10,800 కాదు, పూర్తి 13,500 రావాలి.

ఉత్తరం ఆమె చేతే రాయించాను. పెద్ద మాటలు లేవు. ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు డెంగీ జ్వరంతో పనికి రాలేకపోయాను. మొదటి రోజు ఉదయమే ఇన్‌చార్జి గారికి వాట్సాప్‌లో తెలియజేశాను. డాక్టర్ చిట్టీ, రక్తపరీక్ష రిపోర్టు జతచేస్తున్నాను. మిగిలిన రోజులు పనిచేశాను. జ్వరం రోజులను దుకాణాల చట్టం 30వ సెక్షన్ ప్రకారం సిక్ లీవుగా పరిగణించి, నెల జీతం 7వ తేదీలోగా ఇప్పించగలరు.’ రెండు కాపీలు. ఒకటి రిజిస్టర్ పోస్టులో, ఒకటి వాట్సాప్‌లో. తిట్టలేదు, బతిమాలలేదు. మొదట ఆరు రోజులు కోసి మిగతాది ఇచ్చారు. లేబర్ ఆఫీసులో అర్జీ పడ్డాక ఆ కోసింది కూడా ఇచ్చారు. ప్రతిసారీ ఇంత తేలిగ్గా తెగదు, ఆ సంగతి దాచను. కానీ తెగిన చోటల్లా నేను చూసింది ఒకటే: మొదటి రోజు పెట్టిన మెసేజీ, డాక్టర్ చిట్టీ, హాజరుకు ఏదో ఒక ఆనవాలు. ఈ మూడూ ఉన్న మనిషిని బెదిరించడం కష్టం.

ఇవన్నీ ఇవాళ కొత్తగా దొరికిన హక్కులు కావు. వందేళ్ళ కింద మన దేశంలో మిల్లుల్లో జుర్మానాలకు అంతు ఉండేది కాదు. ఆలస్యమైతే జుర్మానా, నేత పాడైతే జుర్మానా, ఒక రోజు రాకపోతే రెండు రోజుల కూలి కోత. 1929లో వేసిన రాయల్ కమిషన్, విట్లీ అధ్యక్షతన వచ్చినది, దేశమంతా తిరిగి 1931లో నివేదిక ఇచ్చింది. జీతంలోంచి ఏమేమి కోయొచ్చో చట్టంలో రాయాలని అది గట్టిగా చెప్పింది. దాని ఫలమే 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం. దాని పద్ధతి నాకెప్పుడూ నచ్చుతుంది. యజమాని ఏమేమి చేయకూడదో చెప్పలేదు. ఏ ఏ కారణాలకు జీతం కోయొచ్చో వరసగా రాసి, వాటిలో లేనిది ఏదీ కోయడానికి వీల్లేదంది. జుర్మానా రూపాయికి అర్ధణా మించకూడదంది. వచ్చిన జుర్మానా డబ్బు యజమాని జేబులోకి పోకూడదు, కార్మికుల మేలుకే ఖర్చుపెట్టాలంది. గైర్హాజరుకు ఏమంది? రాని రోజులు నెలలో ఎంత భాగమో, కోత జీతంలో అంత భాగమే ఉండాలంది.

రాని రోజులకు మించి కోయడానికి ఆ చట్టం ఒకే ఒక్క సందర్భం ఇచ్చింది. పది మందికి తక్కువ కాకుండా కార్మికులు కూడబలుక్కుని, నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా రాకపోతే గరిష్ఠంగా ఎనిమిది రోజుల జీతం వరకు అదనంగా కోయొచ్చు. అది సమ్మెలను ఉద్దేశించిన మాట. జ్వరం కూడబలుక్కుని రాదు. శనివారం, సోమవారం రాలేదని మధ్య ఆదివారాన్ని కూడా కోసేవాళ్ళు, ఒక నాగాకు రెండు రోజులు రాసుకునేవాళ్ళు 1936కు ముందటి లెక్కలో ఇంకా బతుకుతున్నారు.

ఇప్పుడు మీకు ఒక కేసు చెప్పాలి. తీర్పులు చదివే అలవాటున్న లాయర్లకు దీని పేరు తెలుసు, మామూలు జనానికి తెలియదు. అందులో ఓడిపోయింది మన తెలుగు కార్మికుడు. తెలిసి ఉండాల్సిన ఓటమి అది.

మద్రాసు పెరంబూరులో బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లు. 1918లో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది ఆ మిల్లు కార్మికుల మధ్యే. మన దేశపు తొలి కార్మిక సంఘాల్లో అది ఒకటి. ఆ మిల్లులో పనిచేసే వెంకటయ్య 1957 జనవరిలో కొద్ది రోజుల సెలవు పెట్టి ఊరికి వెళ్ళాడు. సెలవు అయిపోయినా తిరిగి రాలేదు, కబురూ చేరలేదు. వచ్చాక చూపించిన సర్టిఫికెట్ కనిగిరి సివిల్ అసిస్టెంట్ సర్జన్ ఇచ్చింది: మలేరియా, జిగట విరేచనాలు, సుమారు రెండు నెలలు. మిల్లు స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే పని నియమావళిలో, ఒక నిబంధన ఉంది. ఎనిమిది పనిదినాలు వరసగా సెలవు లేకుండా రాకపోతే ఆ మనిషి తనంతట తానే ఉద్యోగం వదిలేసినట్టు లెక్క. యాజమాన్యానికి తృప్తి కలిగేలా సంజాయిషీ ఇస్తే ఆ రోజులను జీతం లేని సెలవుగా మార్చవచ్చు. మిల్లు డాక్టర్ అతన్ని చూసి, రెండు నెలలు జబ్బుతో ఉన్నట్టు తాను ధ్రువపరచలేనన్నాడు. యాజమాన్యానికి తృప్తి కలగలేదు. ఉద్యోగం పోయింది.

విచిత్రమేమంటే అదే కనిగిరి సర్టిఫికెట్ చూసి ఈఎస్ఐ కార్పొరేషన్ వెంకటయ్యకు అనారోగ్య భత్యం చెల్లించింది. ప్రభుత్వ బీమా సంస్థ నమ్మిన జబ్బును మిల్లు నమ్మలేదు. అప్పటి ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ ప్రకారం అనారోగ్య భత్యం తీసుకుంటున్న కాలంలో కార్మికుణ్ణి తీసేయకూడదు, శిక్షించకూడదు. హైకోర్టులో వెంకటయ్య గెలిచాడు. కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1963లో తీర్పు కంపెనీ వైపు వచ్చింది. 73వ సెక్షన్ అడ్డుకునేది శిక్షగా తీసేయడాన్ని. స్టాండింగ్ ఆర్డర్ ప్రకారం దానంతట అదే తెగిపోయిన ఉద్యోగానికి అది వర్తించదు అని కోర్టు అర్థం చెప్పింది.

నేను లాయర్లతో ఈ తీర్పు గురించి చాలాసార్లు వాదించాను. చట్టం మాటల్ని కోర్టు పట్టి పట్టి చదివింది, అది ఒప్పుకుంటాను. కానీ మలేరియాతో కనిగిరిలో పడి ఉన్న మనిషి ‘తనంతట తానే’ పెరంబూరు మిల్లు వదిలేశాడని అనుకోవడానికి నా మనసు ఒప్పదు. అక్కడి నుంచి మద్రాసుకు ఉత్తరం రాయించి పంపడం 1957లో ఎంత పనో ఆలోచించండి. అతని జబ్బు గురించి కోర్టులకు అనుమానం ఉన్నా లేకపోయినా, చివరికి అతన్ని ఓడించింది ముందుగా ఒక్క కబురు చేరకపోవడం. ఇవాళ మన చేతిలో ఫోన్ ఉంది. ఆ మిల్లు కార్మికుడికి లేని బలం అది.

కోర్టు ఆలోచన అక్కడే ఆగిపోలేదు. 1993లో డి.కె.యాదవ్ కేసులో హర్యానా ఫ్యాక్టరీ ఒకటి ఇలాగే, ఎనిమిది రోజులు దాటి రాలేదని పేరు కొట్టేస్తే, సుప్రీంకోర్టు వేరే మాట చెప్పింది. బతుకుతెరువు పోగొట్టేముందు మనిషిని అడగాలి, విచారణ జరపాలి, స్టాండింగ్ ఆర్డర్‌లో ఎలా రాసుకున్నా సరే అంది. పనిలోకి తీసుకుని సగం పాత జీతం ఇవ్వమంది. 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో ఇంకొంచెం ముందుకు వెళ్ళింది: రాకపోవడం వేరు, కావాలని రాకపోవడం వేరు, జబ్బు, ప్రమాదం, ఆసుపత్రిలో చేరడం లాంటివి మనిషి చేతిలో లేని కారణాలు, కావాలనే రాలేదని నిరూపించకుండా దాన్ని నేరంగా చూడొద్దు. 1963 నుంచి 2012 వరకు దాదాపు యాభై ఏళ్ళు పట్టింది ఆ మాటకు.

ఈఎస్ఐ పేరు వచ్చింది కాబట్టి దాని దగ్గర కొంచెం ఆగుతాను. ఇక్కడున్న చాలామందికి ఈఎస్ఐ అంటే గోలీలు ఇచ్చే డిస్పెన్సరీ మాత్రమే. దాన్ని పుట్టించింది మాత్రం సరిగ్గా మనం మాట్లాడుకుంటున్న ఈ బాధే. 1940లలో బి.పి.అదార్కర్ అనే ఆర్థికవేత్తను ప్రభుత్వం నియమిస్తే, ఆయన 1944లో కార్మికుల ఆరోగ్య బీమా మీద నివేదిక ఇచ్చాడు. 1948లో చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ పథకాన్ని ప్రారంభించారు. జబ్బు ఖర్చు ఒక్క కార్మికుడి నెత్తిన గానీ, ఒక్క యజమాని నెత్తిన గానీ పడకుండా అందరూ కొంచెం కొంచెం వేసి పంచుకోవాలన్నది దాని మూలం.

లెక్క చూడండి. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట, నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్ళకు వర్తిస్తుంది. 2019 జులై నుంచి యజమాని కట్టేది జీతంలో 3.25 శాతం, కార్మికుడిది 0.75 శాతం. ఆ చీరల సెక్షన్ అమ్మాయికి యజమాని నెలకు కట్టాల్సింది 439 రూపాయలు. ఆమె కట్టాల్సింది 102. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు కట్టి ఉంటే, జబ్బు పడ్డప్పుడు సగటు రోజు జీతంలో 70 శాతం కార్పొరేషన్ ఇస్తుంది, ఏడాదికి 91 రోజుల వరకు. మొదటి రెండు రోజులకు రాదు. క్షయ, క్యాన్సర్ లాంటి దీర్ఘరోగాలకు, రెండేళ్ళుగా పనిలో ఉండి చందా సరిపోయినవాళ్ళకు 80 శాతం చొప్పున రెండేళ్ళ దాకా సాగుతుంది. దీన్నీ, యజమాని ఇచ్చే సిక్ లీవునూ ఒకే రోజుకు కలిపి తీసుకోవడానికి లేదు, ఏదో ఒకటే.

ఇప్పుడు ఆలోచించండి. ఈఎస్ఐలో పేరున్న మనిషి జబ్బు పడితే యజమానికి పోయేది పెద్దగా ఏమీ లేదు. ఆ రోజుల డబ్బు కార్పొరేషన్ ఇస్తుంది. మరి బెదిరింపు ఎందుకు? నా అనుభవంలో, జ్వరం వచ్చిన మనిషి జీతం ఆపిన చాలా దుకాణాల్లో ఆ మనిషి పేరు ఈఎస్ఐలో లేదు. పదిహేను మంది పనిచేస్తుంటే రిజిస్టర్‌లో ఎనిమిది పేర్లే ఉంటాయి. నెలకు నాలుగు వందల చిల్లర ఎగ్గొట్టడం కోసం మనిషిని లెక్కలోనే లేకుండా చేస్తారు. ఆమె లేబర్ ఆఫీసుకు వెళ్తే ఆ సంగతి కూడా బయటపడుతుంది. అందుకే గొంతు అంత పెద్దదవుతుంది. జీతం ఆపుతామని ఎవరైనా అన్న రోజు మీరు మొదట అడగాల్సిన ప్రశ్న ‘నా ఈఎస్ఐ నంబర్ ఎంత’ అని. ఆ ప్రశ్నకు జవాబు రాకపోవడమే మీ కేసులో సగం బలం.

మలక్‌పేట వాళ్ళకు ఇంకో మాట. మన మెట్రో స్టేషన్‌లో మియాపూర్ వైపు ఎక్కితే, ఎక్కడా మారకుండా అదే బండి ఈఎస్ఐ హాస్పిటల్ స్టేషన్‌లో దింపుతుంది. సనత్‌నగర్ పెద్దాసుపత్రి అక్కడే. దూరమని ఇచ్చిన హక్కును వదులుకోకండి. ఆ ఆసుపత్రిలో లైన్లు పెద్దవని, ఒక్కోసారి మందులు బయట కొనుక్కురమ్మంటారని నాకు తెలుసు. ఆ కోపం న్యాయమైనదే. కానీ సర్టిఫికెట్ అక్కడి నుంచి వస్తే భత్యం వస్తుంది, భత్యం వస్తే ఇంటద్దె ఆగదు.

పది మంది లేని దుకాణాల సంగతి? నలుగురు పనివాళ్ళు ఉన్న కిరాణా కొట్టు యజమాని నాతో అన్నాడు: ఇద్దరికి ఒకేసారి జ్వరం వస్తే షట్టర్ దించాల్సిందే, నేనెక్కడి నుంచి తెచ్చి ఇవ్వాలి అని. ఆయన అబద్ధం చెప్పడం లేదు. 12 రోజుల సిక్ లీవు చట్టం ఆయనకూ వర్తిస్తుంది, కానీ ఆ భారం ఒక్కడి మీదే పడుతుంది. అందుకే పది మంది అనే గీతను తీసేయాలని నేను గట్టిగా నమ్ముతాను. జబ్బు తొమ్మిది మంది ఉన్న చోట రాకుండా ఉండదు. కొత్త సామాజిక భద్రతా కోడ్‌లో పది మంది కంటే తక్కువున్న వాళ్ళు కూడా యజమాని, ఎక్కువమంది పనివాళ్ళు ఒప్పుకుంటే తమంతట తాము చేరే దారి ఉంది. మలక్‌పేట వ్యాపారుల సంఘాల పెద్దలు ఈ సభలో ఉన్నారు. మీ సభ్యులతో ఈ పని మొదలుపెట్టించండి.

జీతం ఆపుతామని బెదిరించే అవసరం కూడా లేని మనుషులు మన పక్కనే ఉన్నారు. గంజ్‌లో హమాలీకి నెల జీతం లేదు. సంచికి ఇంత అని కూలి. ఉల్లి సంచి దించితే డబ్బు, నడుం పట్టేసి పడుకుంటే సున్నా. నలుగురు కలిసి గుంపుగా పనిచేసే చోట ఒకడు పడుకుంటే మిగతా ముగ్గురు అతని వంతు మోసి, సాయంత్రం కూలిలో కొంత అతని ఇంటికి పంపడం నేను ఇక్కడే చూశాను. అది వాళ్ళ మంచితనం. మంచితనం మీద ఎన్నాళ్ళు బతుకుతారు? మహారాష్ట్రలో 1969లోనే మాథాడీ చట్టం, అంటే హమాలీల కోసం ఒక చట్టం తెచ్చారు. సరుకు ఎవరిదైనా, హమాలీ కూలితో పాటు కొంత లెవీ ఆ చట్టం కింద పెట్టిన బోర్డుకు కట్టాలి. ఆ డబ్బుతో సెలవు, ప్రావిడెంట్ ఫండ్, వైద్యం నడుస్తాయి. ఎవరి దగ్గరా నెల జీతానికి లేని మనిషికి కూడా సెలవు ఇవ్వొచ్చని ఆ చట్టం చేసి చూపించింది. మన గంజ్‌కు సరుకు వచ్చే లారీల్లో చాలా భాగం ఆ మహారాష్ట్ర నుంచే వస్తాయి. అక్కడ సంచి ఎత్తినవాడికి ఉన్న ఏర్పాటు ఇక్కడ సంచి దించినవాడికి ఎందుకు ఉండకూడదో ప్రభుత్వం చెప్పాలి. బండి మీద అన్నం ప్యాకెట్లు తెచ్చే పిల్లలదీ ఇదే కథ, వాళ్ళకు ఆపేది జీతాన్ని కాదు, యాప్‌లో ఐడీని.

ప్రైవేటు యజమానులనే అనడం సరికాదు. 2019లో తెలంగాణ ఆర్టీసీ సమ్మె అక్టోబర్ 5న మొదలైంది, 52 రోజులు నడిచింది. కార్మికులు సెప్టెంబర్ నెలంతా బస్సులు నడిపారు. ఆ నెల జీతం మాత్రం సమ్మె ముగిసే దాకా వాళ్ళకు అందలేదు. సమ్మె తప్పా ఒప్పా అన్నది నేనిక్కడ తేల్చడం లేదు. సెప్టెంబర్‌లో తోలిన బస్సుకు అక్టోబర్ సమ్మెతో సంబంధం ఏమిటి? 2020 కరోనాలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగుల మార్చి, ఏప్రిల్ జీతాల్లో కొంత వాయిదా వేసింది. ఒక విశ్రాంత జిల్లా జడ్జి దానిమీద కోర్టుకు వెళ్ళారు. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు ఆ డబ్బు 6 శాతం వడ్డీతో ఇవ్వమంది. హైకోర్టు అంతకుముందు 12 శాతం అంది. వడ్డీ తగ్గింది గానీ, అసలు మాట నిలబడింది: చేసిన పనికి జీతం హక్కు, ఖజానా ఖాళీ అన్న కారణం దాన్ని మింగలేదు. మహమ్మారి వచ్చినప్పుడు ఒక రాష్ట్ర ప్రభుత్వానికే లేని అధికారం చీరల షాపు యజమానికి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇప్పుడు నడుస్తున్న చట్టం గురించి. 2025 నవంబర్ 21 నుంచి కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. 1936 నాటి చట్టం వేతనాల కోడ్‌లో, ఈఎస్ఐ చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిశాయి. ఈ కోడ్‌ల మీద యూనియన్లకు చాలా అభ్యంతరాలు ఉన్నాయి, నాకూ కొన్ని ఉన్నాయి. వాటికి ఇంకో సభ కావాలి. మన విషయం వరకు పనికొచ్చేవి చెబుతాను. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ దాటకుండా ఇవ్వాలి. తీసేసినా, మనమే మానేసినా, రావలసింది రెండు పనిదినాల్లో కట్టాలి. గైర్హాజరుకు కోత రాని రోజుల మేరకే అన్న 1936 నాటి సూత్రం అలాగే ఉంది. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు. పాత చట్టం నెలకు 24,000 లోపు వాళ్ళకే వర్తించేది. ఆ గీత పోయింది, కాబట్టి నర్సింగ్ హోమ్ స్టాఫ్ నర్సుకూ, జూనియర్ కాలేజీ లెక్చరర్‌కూ ఇది పనికొస్తుంది.

క్లెయిం వేయడానికి మూడేళ్ళ గడువు ఉంది. మనమే వేయొచ్చు, మన యూనియన్ వేయొచ్చు. ఆపిన డబ్బుతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం విధించే అధికారం క్లెయిం విచారించే అధికారికి ఉంది. జీతం ఇచ్చానని నిరూపించాల్సిన బరువు యజమాని మీదే పెట్టారు, మన మీద కాదు. ‘రిజిస్టర్‌లో సంతకం ఉంది కదా’ అని భయపెడతారు. ఖాళీ కాగితం మీద, అంకె లేని వరుసలో సంతకం పెట్టకండి. పెట్టక తప్పని పరిస్థితి వస్తే ఆ రోజే మీకు మీరు తేదీ వేసి ఒక మెసేజీ రాసుకుని ఎవరికైనా పంపండి.

లేబర్ కమిషనర్ ఆఫీసు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ఉంది. ఆ భవనానికి పెట్టిన పేరు టి.అంజయ్య కార్మిక సంక్షేమ భవన్. ఆల్విన్ ఫ్యాక్టరీలో రోజుకు ఆరణాల కూలీగా చేరి, యూనియన్ నడిపి, 1980లో ముఖ్యమంత్రి అయిన మనిషి ఆయన. అక్కడికి వెళ్ళేటప్పుడు ముఖం దించుకుని వెళ్ళకండి. ఆ గేటు మన కోసం కట్టిందే. కొందరు అధికారులు మిమ్మల్ని నాలుగుసార్లు తిప్పుతారు, అవతలి వాళ్ళు రాలేదని వాయిదా వేస్తారు. ఒంటరిగా వెళ్తే విసిగి మానేస్తారు, అదే షాపులో పనిచేసే ఇంకొకరిని తోడు తీసుకుని వెళ్ళండి. రాజ్ బహదూర్ గౌర్ ఉస్మానియాలో డాక్టరీ చదివి, స్టెతస్కోప్ పక్కనపెట్టి కవి మఖ్దూం మొహియుద్దీన్‌తో కలిసి ఈ నగరంలో కార్మిక సంఘాలు కట్టారు. ఆ సంఘాల కాలంలో ఒక్క కార్మికుడి తరఫున పదిమంది వెళ్ళి నిలబడేవాళ్ళు. ఇవాళ షాపుల్లో సంఘాలు లేవు, ఒక్కొక్కరూ ఒక్కో ఫోన్ పట్టుకుని ఒంటరిగా భయపడుతున్నారు. వాట్సాప్ గ్రూపులో అందరూ చూసేలా ఆ అమ్మాయికి మెసేజి పెట్టినప్పుడు, ఆ గ్రూపులో ఉన్న మిగతావాళ్ళలో ఒక్కరు ‘ఆమెకు డెంగీ సార్, నేను చూసొచ్చాను’ అని రాసి ఉంటే లేబర్ ఆఫీసు దాకా పోవాల్సి వచ్చేది కాదని నేను ఇప్పటికీ అనుకుంటాను.

సభ అయ్యాక నేను వెంటనే వెళ్ళను. జీతం ఆగినవాళ్ళు, పేరు ఈఎస్ఐలో ఉందో లేదో తెలియనివాళ్ళు డాక్టర్ చిట్టీలు, ఫోన్లు పట్టుకుని ముందుకు రండి. ఇద్దరు కుర్ర లాయర్లను వెంటబెట్టుకొచ్చాను, తెల్ల కాగితాలు ఆ బల్ల మీద ఉన్నాయి. హమాలీ అన్నలు ఇక్కడా లెవీ బోర్డు పెట్టాలన్న అర్జీ మీద సంతకాలు పెట్టి వెళ్ళండి. వేలిముద్ర వేసేవాళ్ళ కోసం ఇంకు ప్యాడ్ కూడా పెట్టాం.